వినికిడి వయసు

ఎవరి స్మృతికి ఈ సభ అంకితమైందో ఆ మహనీయులు బధిర బాలల చదువునే జీవితకార్యంగా ఎంచుకున్నవారు. వారు బోధన ప్రారంభించిన నాటికి పుట్టుకతో వినికిడి లేని బిడ్డకు మన ప్రాంతంలో అందుబాటులో ఉన్నవి చెవి మిషను, ప్రత్యేక పాఠశాల, ఆ పాఠశాలలో చోటు దొరికేంత అదృష్టం మాత్రమే. ఇప్పుడు మన దేశంలో అలాంటి పిల్లలు వేల సంఖ్యలో, శ్రవణ నాడికి నేరుగా విద్యుత్ ప్రేరణ అందించే కాక్లియర్ ఇంప్లాంట్లతో పెరుగుతున్నారు. ఈ మార్పు చూసి ఉంటే వారు సంతోషించేవారు. ఆ వెంటనే ఈ పిల్లలు ఇంట్లో ఎవరితో ఏం మాట్లాడుతున్నారని అడిగి ఉండేవారు. వారు అడగగల ఆ ప్రశ్ననే ఈనాటి ఉపన్యాసానికి ఆధారంగా తీసుకున్నాను.

ఈ పిల్లలకు విని మాట్లాడటం నేర్పే థెరపీ గదుల్లో వాడుకలో ఉన్న మాట ఒకటుంది, వినికిడి వయసు అని. శస్త్రచికిత్స జరిగిన మూడు నాలుగు వారాలకు, గాయం మానిన తరవాత, చెవి వెనక పెట్టే ప్రాసెసర్‌ను మొదటిసారి స్విచ్ ఆన్ చేస్తారు. ఆ రోజు నుంచి లెక్కించే వయసు అది. రెండున్నరేళ్లకు స్విచ్ ఆన్ అయిన బిడ్డకు మూడున్నరేళ్లు వచ్చేనాటికి వినికిడి వయసు ఒక్క ఏడాది. ఒంటికి మూడున్నరేళ్లు, చెవికి ఒక ఏడు. నా ప్రతిపాదన ఇది: ఇంప్లాంట్ ఖర్చు భరించడానికి ముందుకొచ్చిన సమాజం ఆ బిడ్డ వయసును కూడా ఈ లెక్కలోనే చూడటం నేర్చుకోవాలి. చంటిబిడ్డకు పుట్టిననాటి నుంచి మనం బాకీ పడేవి ఎన్నో ఉంటాయి. ఎడతెగని పలకరింపు, తొందరలేని ఎదురుచూపు, ఇంటి భాష, ఏళ్ల తరబడి పోషణ అందులోవే. ఈ బిడ్డకు అవన్నీ స్విచ్ ఆన్ రోజు నుంచి మళ్లీ కొత్తగా బాకీ పడతాం. ఆపరేషన్ల సంఖ్యతో విజయాన్ని కొలిచే పద్ధతి ఈ బాకీని కనపడకుండా చేస్తోంది.

మాటకూ మనిషి హోదాకూ ముడిపెట్టిన చరిత్ర చాలా పాతది. మనుస్మృతి తొమ్మిదో అధ్యాయం పుట్టుచెవిటివారిని, మూగవారిని ఆస్తిలో వాటాకు అర్హత లేనివారిలో చేర్చింది. జస్టీనియన్ కాలపు రోమన్ న్యాయశాస్త్రం కూడా పుట్టుకతో వినలేక, మాట్లాడలేక ఉన్నవారికి హక్కులను నిరాకరించింది. మన దేశంలో ఆ పాత అనర్హతను తొలగించడానికి 1928లో ప్రత్యేకంగా ఒక వారసత్వ చట్టం చేయవలసి వచ్చింది. 16వ శతాబ్దపు స్పెయిన్‌లో పెడ్రో పోన్సె ద లియోన్ అనే సన్యాసి కులీన కుటుంబాల బధిర పిల్లలకు మాట నేర్పడానికి పూనుకున్నారు. 18వ శతాబ్దంలో పారిస్‌లో అబ్బే ద లెపే సంజ్ఞల ద్వారా, లైప్‌జిగ్‌లో సామ్యూల్ హైనికే నోటిమాట ద్వారా పాఠశాలలు నడిపారు. ఆ రెండు మార్గాల మధ్య వాదం ముదిరి, 1880లో మిలాన్‌లో జరిగిన బధిర విద్యావేత్తల మహాసభ సంజ్ఞలను తరగతి గది నుంచి వెలివేసే తీర్మానం చేసింది. ఆ తీర్మానాన్ని తిరస్కరించి విచారం ప్రకటించడానికి 2010లో జరిగిన వాంకూవర్ మహాసభ దాకా ఆగవలసి వచ్చింది. 1880లలో బొంబాయిలో, 1893లో కలకత్తాలో మొదలైన మన తొలి బధిర పాఠశాలలు ఆ మిలాన్ కాలానివే. ఈ చరిత్రంతటిలోనూ రెండు పక్షాలూ పోరాడింది ఎలా నేర్పాలన్న దానిమీద. ఎప్పుడు నేర్పాలన్న ప్రశ్నకు దాదాపుగా చోటే దొరకలేదు. బిడ్డ ఆరేళ్లకో ఎనిమిదేళ్లకో బడి గుమ్మం తొక్కేసరికి భాషకు అన్నిటికంటే అనువైన ఏళ్లు గడిచిపోయి ఉండేవి. పద్ధతుల వైఫల్యంగా లెక్కకెక్కిన వాటిలో ఎన్నో నిజానికి ఆలస్యం వల్ల జరిగిన నష్టాలేనని నా అభిప్రాయం.

ఎప్పుడు అన్న ప్రశ్నకు శాస్త్రీయ రూపం 20వ శతాబ్దం ద్వితీయార్ధంలో వచ్చింది. భాషకున్న జీవశాస్త్ర పునాదులను చర్చిస్తూ 1967లో ఎరిక్ లెన్నెబర్గ్ మొదటి భాష అలవడటానికి ఒక కీలక కాలం ఉంటుందని వాదించారు. 1980లో డికాస్పర్, ఫైఫర్ అనే పరిశోధకులు పుట్టి మూడు రోజులైనా నిండని శిశువులు సైతం పరాయి స్త్రీ గొంతుకంటే తల్లి గొంతునే ఎంచుకుంటారని చూపారు. గర్భంలో చివరి నెలలన్నీ ఆ శిశువు తల్లి మాట వింటూనే ఉందన్నమాట. 1984లో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ ప్రచురించిన ప్రయోగం మనకు మరింత దగ్గరిది. హిందీలోని త, ట ధ్వనుల మధ్య తేడాను ఇంగ్లీషు ఇళ్లలోని ఆరేడు నెలల పసివారు పసిగట్టగలిగారు. ఏడాది నిండేసరికి ఆ శక్తి చాలావరకు సన్నగిల్లింది. తెలుగు ఇంట పెరిగే బిడ్డ అదే తేడాను రోజూ వింటుంది కనుక నిలుపుకుంటుంది. చుట్టూ ఉన్న భాషకు తగ్గట్టు మెదడు తనను తాను మలచుకునే పని తొలి ఏడాదిలోనే ఇంత దూరం నడుస్తుంది. వినపడని బిడ్డ మెదడులో శబ్దానికి కేటాయించిన భాగం ఊరికే ఎదురుచూస్తూ ఉండిపోదు, క్రమంగా వేరే పనులకు మళ్లిపోతుంది. అను శర్మ, ఆమె సహచరులు 2002లో వెల్లడించిన ఫలితాల ప్రకారం మూడున్నరేళ్లలోపు ఇంప్లాంట్ పొందిన పిల్లల్లో శబ్దానికి మెదడు స్పందించే వేగం కొద్ది నెలల్లోనే ఈడుకు తగిన స్థాయికి చేరింది. ఏడేళ్లు దాటాక పొందినవారిలో చాలామందికి ఏళ్లు గడిచినా ఆ స్థాయి అందలేదు. రైతుకు అదను అంటే ఏమిటో తెలిసిన నేల మీద ఈ సంగతిని ఇంకా విడమరచి చెప్పనక్కరలేదు.

పరికరం చరిత్ర క్లుప్తంగా చెప్పుకుంటే చాలు. 1957లో పారిస్‌లో ఆండ్రే జుర్నో, షార్ల్ ఎయిరియెస్ శ్రవణ నాడికి నేరుగా విద్యుత్తు అందించి వినికిడి అనుభూతి కలిగించారు. 1961లో లాస్ ఏంజెలెస్‌లో విలియం హౌస్, 1977లో వియన్నాలో హోక్‌మైర్ దంపతులు, 1978లో మెల్‌బోర్న్‌లో గ్రేమ్ క్లార్క్ ఆ దారిని ముందుకు నడిపారు. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ పిల్లలకు బహుళ ఎలక్ట్రోడ్ల పరికరాన్ని 1990లో అనుమతించినప్పుడు కనీస వయసు రెండేళ్లు. అది 2000లో 12 నెలలకు, 2020లో 9 నెలలకు దిగింది. తగ్గుతూ వచ్చిన ఈ వయోపరిమితి, ఎప్పుడు అన్న ప్రశ్నకు వైద్యం దశలవారీగా ఒప్పుకున్న సమాధానం. పరికరాన్ని అమర్చే కర్ణావర్తం (కాక్లియా) పుట్టుకతోనే పూర్తి పరిమాణంలో ఉంటుంది కనుక బిడ్డ ఎదిగినా లోపలి పరికరం ఇరుకైపోదు. అయితే ఆరోగ్యవంతమైన చెవిలో సుమారు 3,500 లోపలి వరుస రోమకణాలు చేసే పనిని ఇక్కడ సాధారణంగా ఇరవై రెండుకు మించని ఎలక్ట్రోడ్లు చేయాలి. శబ్దపు వ్యవధి, లయ, హెచ్చుతగ్గులు బాగానే అందుతాయి. శ్రుతి సరిగా అందదు, నలుగురూ ఒకేసారి మాట్లాడే చోట ఒకరి మాటను విడదీసి పట్టుకోవడం కష్టం. ఏ ఎలక్ట్రోడుకు ఎంత ప్రేరణ ఇస్తే వినపడుతుందో, ఎంతవరకు ఇబ్బంది లేకుండా ఉంటుందో ఆడియాలజిస్టు ఓపికగా సరిచూసే మ్యాపింగ్ తొలి ఏడాదిలో పలుమార్లు జరగాలి. ఇంతా చేశాక బిడ్డకు అందేది శబ్దం. ఆ శబ్దానికి అర్థం ఇంకా అంటుకోలేదు.

ఆ అర్థం ఎక్కడ అంటుకుంటుందన్నదే అసలు విషయం. అమెరికాలోని ఆరు కేంద్రాల్లో, ఐదేళ్లలోపు ఇంప్లాంట్ పొందిన 188 మంది పిల్లలను అనుసరించిన జాన్ నిపార్కో బృందం 2010లో ఫలితాలు ప్రచురించింది. పద్దెనిమిది నెలలలోపు పొందినవారు మాట అర్థం చేసుకోవడంలో, మాట్లాడటంలో ముందున్నారు. ఇది ఊహించదగిందే. దానితోపాటు తల్లిదండ్రులు పిల్లలతో మెలిగే తీరు ఎంత సమృద్ధంగా ఉంటే భాష అంత వేగంగా ఎదిగిందని కూడా అదే అధ్యయనం తేల్చింది. కుటుంబ ఆదాయపు ప్రభావమూ అందులో కనిపించింది. దానికి పదేళ్ల ముందే, 2000లో, మేరీ పాట్ మోలర్ వినికిడి లోపం ఉన్న 112 మంది పిల్లలను పరిశీలించి, ఐదేళ్ల వయసులో వారి పదసంపదను నిర్ణయించిన అంశాల్లో అతి బలమైనది కుటుంబం పాల్గొన్న తీరేనని గుర్తించారు. వినికిడి లోపం తీవ్రతకు అంత ప్రాధాన్యం కనిపించలేదు. ఒకే రకం పరికరం, ఒకే నైపుణ్యంగల సర్జన్, ఒకే వయసు ఉన్న ఇద్దరు పిల్లలు ఐదేళ్ల తరవాత ఎందుకు వేరు వేరు చోట్ల ఉంటారో దీన్నిబట్టి అర్థమవుతుంది. వారానికి ఒకటి రెండు గంటల థెరపీ ఎంత మంచిదైనా, బిడ్డ మెలకువగా ఉండే ఎనభై గంటల పైచిలుకు సమయం ఇంట్లోనే గడుస్తుంది. డోరీన్ పోలాక్, హెలెన్ బీబీ, డేనియల్ లింగ్ వంటివారు తీర్చిదిద్దిన ఆడిటరీ వెర్బల్ థెరపీ మొదటి నుంచీ చెప్పేది కూడా ఇదే: థెరపిస్టు ముందుగా నేర్పవలసింది పెద్దలకు.

ఆ నేర్పు తెలుగు ఇంట్లో ఎలా ఉంటుందో కాస్త నిలిచి చూడాలి. ఉదయం లేవగానే ప్రాసెసర్ కాయిల్‌ను అయస్కాంతంతో తలకు అంటించి, లింగ్ పేరుతో పిలిచే ఆరు ధ్వనులు, మ్, ఊ, ఆ, ఈ, ష్, స్, నోరు కనపడకుండా పలికి బిడ్డ స్పందించిందో లేదో చూడటంతో రోజు మొదలవుతుంది. ఏ ఒక్క ధ్వని తప్పినా బ్యాటరీ, కేబుల్, మ్యాపింగ్ ఏదో ఒకటి సరిగా లేదని అర్థం. ఆ తరవాత రోజంతా ఒక క్రమం పాటించాలి. ముందు వినిపించాలి, తరవాత చూపించాలి. కుక్కర్ కూత వినపడగానే చెవి దగ్గర చెయ్యి పెట్టి, విన్నావా అని అడిగి, అప్పుడు వంటింట్లోకి తీసుకెళ్లి చూపాలి. నీళ్లు పోసేటప్పుడు నీళ్ల గురించి, అన్నం కలిపేటప్పుడు అన్నం గురించి, అదే వాక్యాన్ని పదిసార్లు విసుగు లేకుండా చెప్పాలి, ప్రతిసారీ బదులు కోసం ఆగాలి. మాట్లాడేవారి దూరం రెట్టింపైతే గొంతు సుమారు ఆరు డెసిబెళ్లు తగ్గి అందుతుంది కనుక అటు గదిలోంచి పిలిచే అలవాటు మానుకుని పక్కన కూర్చోవాలి. మన ఇళ్లలో పొద్దున్నే మొదలై రాత్రిదాకా ఆగని టీవీ ఈ బిడ్డకు పెద్ద అడ్డంకి. దాన్ని కట్టేయడం ఖర్చులేని వైద్యం. నీళ్లు పోసినప్పుడు, నిద్రపోయినప్పుడు తప్ప ప్రాసెసర్ తలమీద ఉండాలి. బిడ్డ పీకేసినప్పుడల్లా కోపం లేకుండా మళ్లీ పెట్టాలి. రోజుకు ఎన్ని గంటలు వాడారో నేటి ప్రాసెసర్లు తమంతట తామే నమోదు చేసుకుంటాయి. ఆ గంటలే వినికిడి వయసుకు నిజమైన లెక్క. స్విచ్ ఆన్ అయి ఏడాది గడిచినా రోజుకు మూడు గంటలే వాడిన బిడ్డకు ఏడాది వినికిడి వయసు వచ్చిందనుకోవడం భ్రమ.

తెలుగు ధ్వనుల స్వభావం గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఇంప్లాంట్ బాగా అందించేది వ్యవధి అని చెప్పుకున్నాం. పడి, పాడి అనే మాటల మధ్య తేడా అచ్చుల పొడవులో ఉంది. అటు, అట్టు అనే వాటి మధ్య తేడా హల్లు పట్టిన సమయంలో ఉంది. మన భాష ఇంత విస్తారంగా వాడుకునే ఈ హ్రస్వదీర్ఘ, ద్విత్వ భేదాలు పరికరానికి అనుకూలమైన గుణాలు. చైనా భాషలో మాదిరి స్వరం మారితే మాట అర్థమే మారిపోయే చిక్కు మనకు లేదు. ఇంగ్లీషులో బహువచనాన్ని, క్రియను సూచించే అంత్య ధ్వనులు తరచు బలహీనమైన ఊష్మాలు. తెలుగులో వచ్చాను, వచ్చావు, వచ్చాడు, వచ్చింది అన్నప్పుడు ఎవరన్న సంగతి అచ్చులు కలిగిన ప్రత్యయాల్లో స్పష్టంగా వినపడుతుంది. అయితే అది మాట చివర ఉంటుంది కాబట్టి వాక్యాన్ని మింగకుండా చివరిదాకా పలికే పెద్దలు కావాలి. కష్టమైనవి త-ట, ద-డ, ల-ళ వంటి జంటలు. వాటికి ఎక్కువ వినికిడి, ఎక్కువ కాలం కావాలి. వీటన్నిటికంటే లోతైన అంశం, పిల్లలు తమతో అనని మాటలను చాటుగా విని నేర్చుకోవడం. అత్తయ్యను ఎప్పుడు మీరు అనాలో, పిన్నిని ఎప్పుడు నువ్వు అనవచ్చో, తాతగారి ముందు గొంతు ఎంత తగ్గించాలో మనకు ఎవరూ పాఠంగా చెప్పలేదు. పెద్దలు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటుండగా విని పట్టుకున్నాం. ఇంప్లాంట్ పిల్లలకు ఆ చాటు మాట దూరం వల్ల, గోల వల్ల తరచు అందదు. అందుచేత తాతలు, అమ్మమ్మలు, పక్కింటివారు అందరూ ఈ బిడ్డకు దగ్గరగా, ఒకరి తరవాత ఒకరు మాట్లాడే అలవాటు చేసుకోవాలి. ఉమ్మడి కుటుంబం ఈ పనికి అపారమైన వనరు. అందరూ ఒక్కసారే మాట్లాడితే మాత్రం ఆ వనరు గోలగా మారిపోతుంది.

ఇక్కడ తల్లిదండ్రుల మనసులో ఒక సందేహం ఉంటుంది. ఎలాగూ కొత్తగా మాట నేర్పాలి కదా, మొదటే ఇంగ్లీషు నేర్పితే పోదా అని. హైదరాబాదులోనూ, అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లోనూ ఈ సందేహం బలమైనది, ఒకే భాషకు పరిమితం కమ్మనే సలహా కూడా కొందరు నిపుణుల నుంచి వస్తుంది. ఉద్దేశం మంచిదే, ఆధారం మాత్రం బలహీనం. అమెరికాలో స్పానిష్ మాట్లాడే ఇళ్లలోని ఇంప్లాంట్ పిల్లలపై జరిగిన అధ్యయనాల్లో, ఇంటి భాషకూ బడి భాషకూ రెండిటికీ సాయం అందినవారు ఇంగ్లీషులో వెనకబడలేదు. తర్కం చూసినా అంతే. వేల గంటల సహజమైన మాట ఎవరి నోట ధారాళంగా వస్తుందో వారి భాషే మొదటి భాష కావాలి. తల్లి తనకు సగమే వచ్చిన ఇంగ్లీషులో వస్తువుల పేర్లు వల్లించవచ్చు. కానీ రాత్రి కథ చెప్పడానికి, అలిగితే బుజ్జగించడానికి, అబద్ధమాడితే నిలదీయడానికి ఆమెకు తెలుగే కావాలి. వినికిడి వయసు రెండేళ్లున్న బిడ్డకు రెండేళ్ల బిడ్డకు ఇచ్చే భాషనే ఇవ్వాలి. ఇంగ్లీషు, వినికిడి వయసు నాలుగైదేళ్లు వచ్చాక, మొదటి భాష మీద నిలబడి వస్తుంది.

కుటుంబమే కీలకమనగానే ఒక తీవ్రమైన అభ్యంతరం ముందుకొస్తుంది, దాన్ని పక్కకు నెట్టలేను. ఈ వాదం చివరికి తల్లి మీద భారం మోపి, బిడ్డ మాట్లాడకపోతే ఆమెనే దోషిని చేయదా? ఆచరణలో అలా జరుగుతున్న మాట నిజం. థెరపీ కోసం ఊరు విడిచి పట్టణంలో గది అద్దెకు తీసుకుని ఏడాది పాటు ఉండేది ఎక్కువగా తల్లే. పని మానుకునేది ఆమె, ఇంట్లో మిగిలిన పిల్లల చదువు కుంటుపడితే నింద పడేది ఆమెకే. మేనరికాల గురించి, గర్భంలో జరిగిన దేనిగురించో చుట్టాలు వేసే ప్రశ్నలూ ఆమెకే. పుట్టుచెవుడులో సగానికి పైగా జన్యుపరమైనవని, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి కలిస్తే తప్ప కనపడని రకాలే వాటిలో ఎక్కువని శాస్త్రం చెబుతోంది. ఒకరిని వేలెత్తి చూపడానికి అక్కడ ఆధారమే లేదు. ఇక నిపార్కో అధ్యయనంలో ఆదాయం ప్రభావం కనిపించిందంటే దానర్థం పేద తల్లులకు ప్రేమ తక్కువని కాదు, వారికి ఖాళీ గంటలు తక్కువని. కుటుంబం పాత్ర కీలకమన్న సత్యం నుంచి వచ్చే తార్కిక ఫలితం కుటుంబానికి సాయం చేయాలన్నదే. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండల స్థాయిలో నడిచే భవిత కేంద్రాల్లో శిక్షణ పొందిన థెరపిస్టు ఉంటే చాలా కుటుంబాలకు పట్టణం గది అక్కర్లేదు. అంగన్‌వాడీ కార్యకర్తకు ఈ బిడ్డతో ఎలా మాట్లాడాలో వారం రోజులు నేర్పితే రోజుకు నాలుగు గంటల మంచి వినికిడి అదనంగా దొరుకుతుంది. తండ్రి రోజూ ఒక గంట తన వంతుగా తీసుకోవడానికి ఏ పథకమూ అవసరం లేదు.

రెండో అభ్యంతరం బధిర సమాజం నుంచి వచ్చింది, దాన్ని గౌరవంతో వినాలి. 1991లో అమెరికా జాతీయ బధిరుల సంఘం పిల్లలకు ఇంప్లాంట్లు అనుమతించడాన్ని ఖండించింది. తమను మరమ్మతు చేయవలసిన శరీరాలుగా చూస్తున్నారని, తమకొక భాష, సంస్కృతి ఉన్న సంగతి వైద్యం గుర్తించడం లేదని వారి వాదన. 1960లో విలియం స్టోకో సంజ్ఞాభాషకు సంపూర్ణమైన వ్యాకరణం ఉందని నిరూపించాక ఆ భాషను చేతి సైగలని తీసిపారేసే అధికారం ఎవరికీ లేదు. అదే సంఘం 2000లో తన వైఖరిని సవరించుకుని, ఇంప్లాంటును ఒక సాధనంగా గుర్తిస్తూ భాషను బిడ్డ హక్కుగా ముందుంచింది. నా దృష్టిలో ఆ రెండో వైఖరి ఈ ఉపన్యాసపు వాదనకు చాలా దగ్గరిది. పుట్టుకతో బధిరులైన పిల్లల్లో నూటికి 90 మందికి పైగా వినగల తల్లిదండ్రులకే పుడతారు. ఆ తల్లిదండ్రులకు సంజ్ఞాభాష రాదు. స్విచ్ ఆన్‌కు ముందు, ఆ తరవాత వినికిడి వయసు రెండేళ్లు వచ్చేదాకా, ఆ బిడ్డ ఏ భాషలో ఆలోచించాలి? సంజ్ఞ నేర్పితే నోటిమాట వెనకబడుతుందనే భయం బలమైనదే. 2017లో ఆన్ గియర్స్ బృందం ప్రచురించిన అధ్యయనం ఆ భయానికి మద్దతిచ్చేలా కనిపిస్తుంది. అయితే ఆ ఇళ్లలో వాడిన సంజ్ఞ ఎంత నాణ్యమైనదో అది కొలవలేదన్న విమర్శ న్యాయమైనది. బధిర తల్లిదండ్రుల ఇళ్లలో పుట్టుక నుంచే సంజ్ఞాభాష నేర్చి, ఆపై ఇంప్లాంట్ పొందిన పిల్లలు నోటిమాటలో ఈడు పిల్లలతో సమంగా ఉన్నారని 2014లో డేవిడ్‌సన్, లిల్లో-మార్టిన్, చెన్ పిచ్లర్ చూపారు. భాష లేకుండా గడిచే కాలమే అసలు ప్రమాదం. ఢిల్లీలో 2015లో ఏర్పడిన భారతీయ సంజ్ఞాభాషా పరిశోధన, శిక్షణ కేంద్రం పది వేల పదాల నిఘంటువు సిద్ధం చేసింది. ఇంప్లాంటుకు అర్హత లేని పిల్లలకు, ఫలితం రాని పిల్లలకు, పరికరం పాడైన రోజున ఏ బిడ్డకైనా ఆ భాష ఆధారం. ఇంప్లాంట్ చేయించిన కుటుంబానికి సంజ్ఞాభాషను నిషేధించడం మిలాన్ తప్పును ఆధునిక పరికరంతో పునరావృతం చేయడమే.

మూడో అభ్యంతరం ఖర్చు. ఒక్క బిడ్డకు లక్షల రూపాయలు వెచ్చించే బదులు ఆ డబ్బుతో ఎందరికో చెవి మిషన్లు, టీకాలు అందించవచ్చు కదా అని ప్రజారోగ్యం గురించి ఆలోచించేవారు అడుగుతారు. నూటికి నూరు పాళ్లూ తోసిపుచ్చదగిన ప్రశ్న కాదిది. ఈ విషయంలో మన ప్రాంతానికి గర్వించదగ్గ చరిత్ర ఉంది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం కాక్లియర్ ఇంప్లాంటును తన పరిధిలో చేర్చి, ఒక్కొక్కరికి గరిష్ఠంగా 6.50 లక్షల రూపాయల దాకా ఇచ్చింది. ఆ మొత్తంలో శస్త్రచికిత్సతోపాటు ఆడిటరీ వెర్బల్ థెరపీని కూడా కలిపింది. ఆపరేషన్‌తో పని అయిపోదని ఆ పథకం రూపకర్తలకు తెలుసుననడానికి ఇది నిదర్శనం. కేంద్ర ప్రభుత్వ అడిప్ పథకం కూడా పేద పిల్లలకు ఇంప్లాంట్లు అందిస్తోంది. లోపం ఎక్కడుందంటే, పథకం కాలం ముగిశాక. ప్రాసెసర్ కొన్నేళ్లకు అరిగిపోతుంది. కాయిల్, కేబుల్, బ్యాటరీలు అంతకన్నా ముందే పోతాయి. కూలి చేసుకునే కుటుంబం ఒక విడిభాగం కొనలేక ప్రాసెసర్‌ను బీరువాలో పెట్టేస్తే, ప్రభుత్వం పెట్టిన లక్షలు తల లోపల మౌనంగా ఉండిపోతాయి, బిడ్డ వినికిడి వయసు ఆ రోజుతో ఆగిపోతుంది. అంటే ఖర్చు గురించిన అభ్యంతరం నిజంగా తగిలేది సగంలో ఆపిన ఖర్చుకు. తొలి మొత్తంలో చిన్న భాగాన్ని ఏటా నిర్వహణకు, విడిభాగాలకు హామీగా ఇస్తేనే ఆ తొలి మొత్తం సార్థకమవుతుంది. విశాఖపట్నంలోని నౌకాదళ శాస్త్ర సాంకేతిక ప్రయోగశాల దేశీయ ఇంప్లాంట్ రూపొందించడానికి పూనుకున్నదంటే ఈ భారం తగ్గించాలనే. ఇప్పటికీ ప్రధానంగా దిగుమతుల మీదే ఆధారపడి ఉన్నాం కనుక ఆ ప్రయత్నం వంటివి కొనసాగడం ఎంతో అవసరం.

వినికిడి వయసు త్వరగా మొదలు కావాలంటే లోపం త్వరగా తెలియాలి. 1998లో క్రిస్టీన్ యోషినాగా-ఇటానో కొలరాడోలో 150 మంది పిల్లలను పరిశీలించి, ఆరు నెలలలోపు లోపం బయటపడి సాయం మొదలైనవారు తరవాత బయటపడినవారికంటే భాషలో స్పష్టంగా ముందున్నారని చూపారు. అంతర్జాతీయంగా అంగీకరించిన క్రమం కూడా అదే: నెలలోపు పరీక్ష, మూడు నెలలలోపు నిర్ధారణ, ఆరు నెలలలోపు సాయం. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో నూటికి 95కు పైగా కాన్పులు ఆస్పత్రుల్లోనే జరుగుతున్నాయి. నిద్రపోతున్న శిశువు చెవిలో చిన్న గొట్టం పెట్టి నిమిషాల్లో చేసే ఓఏఈ పరీక్ష, అనుమానం ఉన్నవారికి శబ్దానికి మెదడు స్పందనను కొలిచే బెరా పరీక్ష, తల్లీబిడ్డ ఇంటికి వెళ్లకముందే జరగడానికి అడ్డు లేదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టుచెవుడును తన జాబితాలో చేర్చింది కూడా. అయినా ఇంకా చాలామంది పిల్లలు రెండేళ్లు దాటాకే పరీక్షకు వస్తున్నారు. మగపిల్లలకు మాట ఆలస్యంగా వస్తుందని, వాళ్ల నాన్నకూ అంతేనని పెద్దలు ధైర్యం చెప్పే ఆ నెలలే బిడ్డకు తిరిగిరాని నెలలు.

చివరగా బడి గురించి. వినికిడి వయసు మూడేళ్లే ఉన్న బిడ్డను ఆరేళ్లు వచ్చాయని ఒకటో తరగతిలో యాభై మంది మధ్య కూర్చోబెట్టి, వెనకబడ్డాడని రిపోర్టు రాయడం అన్యాయం. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం రెండు చెవుల్లోనూ 70 డెసిబెళ్ల లోపాన్ని బధిరత్వంగా నిర్వచించి ఆ పిల్లలకు విద్యలో తగిన సదుపాయాలను హక్కుగా ఇచ్చింది. ఇంప్లాంట్ పెట్టుకున్నంత మాత్రాన ఆ హక్కు పోదు, ప్రాసెసర్ తీస్తే వారు ఈనాటికీ పూర్తిగా బధిరులే. ముందు బెంచీలో చోటు, టీచర్ మెడలో వైర్‌లెస్ మైకు, ప్రవేశంలో ఏడాది రెండేళ్ల సడలింపు, తరగతిలో ఒక్కొక్కరే మాట్లాడే క్రమశిక్షణ, ఇవి ఆ హక్కులో భాగాలే. ఇదంతా జరుగుతోందో లేదో తెలియాలంటే లెక్క మారాలి. ఈ ఏడాది ఎన్ని ఆపరేషన్లు జరిగాయన్న అంకెతోపాటు, ఐదేళ్ల క్రితం స్విచ్ ఆన్ అయిన పిల్లల్లో ఇవాళ ఎందరు ప్రాసెసర్ ధరిస్తున్నారు, రోజుకు ఎన్ని గంటలు, ఎందరు బడిలో ఉన్నారు, ఏ భాషలో ఎంతవరకు మాట్లాడగలుగుతున్నారు అన్న వివరాలు జిల్లాలవారీగా ఏటా ప్రచురించాలి. అందుకు కావలసిన స్విచ్ ఆన్ తేదీలు ఆస్పత్రుల రికార్డుల్లో ఉన్నాయి, వాడిన గంటలు ప్రాసెసర్లలోనే నమోదై ఉన్నాయి, పిల్లలు ఏ బడిలో ఉన్నారో విద్యాశాఖ దగ్గర ఉంది. ఈ మూడింటినీ ఒక్కచోటికి తెచ్చే బాధ్యత ఎవరిదో నిర్ణయించడమే మిగిలింది. ఆ నిర్ణయాన్ని కోరుతూ ఈ సభ ఒక తీర్మానం చేసి రెండు ప్రభుత్వాలకూ పంపాలని నిర్వాహకులను అభ్యర్థిస్తున్నాను.